కరెంటు పోని ఇల్లు

"చక్రాలు ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయే!" అన్నాడు మైక్‌సెట్, వెనక వరండాలో జనరేటరును అటూ ఇటూ దొర్లించి చూస్తూ. సభలకి మైకులు అద్దెకిస్తాడు గనక ఊళ్ళో అతని పేరు కూడా అదే అయిపోయింది.

"ఉండవూ మరి! వచ్చిన నాటినుంచి దుప్పటి కప్పుకుని పడుకోవడం తప్ప అదేం పని చేసింది గనక?" వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

గుమ్మంలో నిలబడ్డ కోడలు మామగారి వైపు చూసింది. ఆయన ఏమీ విననట్టు, తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడుచుకుంటున్నారు.

క్రితం వేసవిలో కరెంటు పోయి, ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారబోసిన రోజున ఆయన పంతం పట్టి కొన్న జనరేటరు అది. దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని కంఠతా పట్టి, దొరికిన వాళ్ళందరికీ అప్పజెప్పారు. ఆ తర్వాత కరెంటు పోతే ఒట్టు. లైటు మిణుక్కుమంటే చాలు, ఆయన చెప్పులు తొడుక్కుని సిద్ధమయ్యేవారు. అది వెంటనే నిలకడగా వెలిగేది. "మా ఆయన మెషీనుకి జడిసి కరెంటు పోవడమే మానేసింది" అని అత్తగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించేవారు. చివరికి కొడుకు చోటు దండగని బేరం పెట్టాడు. రిటైరయ్యాక ఇంట్లో మామగారి మాట మీద జరిగిన పని అదొక్కటే. అదీ గేటు దాటబోతోందని తెలిసిన దగ్గర్నుంచి ఆయన అన్నం కెలికి లేచిపోతున్నారు.

"సరే, ఆటో పిలుస్తా" అని మైక్‌సెట్ ఫోను తీశాడు.

అప్పుడే హాల్లో ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. ఫ్రిజ్ ఒక్కసారి గురక పెట్టి ఊరుకుంది.

"ఏమండీ! ఫ్రిజ్ ఆగిపోయింది. నిండా సరుకుంది. ఏం చేస్తారో చూడండి!" అని అత్తగారు కేకేశారు.

మామగారు పదేళ్ళు చిన్నవాడైపోయినట్టు లేచారు.

"అదేంటి, మా వీధిలో కరెంటు ఉందే! ఇప్పుడేగా కొట్లోంచి వచ్చాను" అన్నాడు మైక్‌సెట్.

"మీ వీధిది వేరే లైను" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసి, వంటింటి వైపు తిరిగారు. "ముందు మెయిన్ ఆపావా?"

"ఎప్పుడో ఆపాను!"

"చూశావా! చెప్పగా చెప్పగా మీ అత్తయ్యకి ఇన్నాళ్ళకి ఒంటబట్టింది" అన్నారు కోడలితో, పొంగిపోతూ.

కొడుకు జనరేటరు మీద చెయ్యి వేశాడు. "బయట ఎండగా ఉంది నాన్నా, ఇక్కడ వరండాలోనే పెట్టేద్దాం."

"పెట్టు. అందరం ఒకేసారి పోదాం. దీని పొగలో ఓ విషం ఉంటుందిరా. కంటికి కనపడదు, ముక్కుకి అందదు, జోకొట్టి తీసుకుపోతుంది." పెరటి చివర, ఏ కిటికీకీ దగ్గర లేని చోటికి దాన్ని లాక్కెళ్ళారు. పొగగొట్టాన్ని ఇంటికి ఎదురుదిక్కుకి తిప్పారు. 

"పోనీ దీన్నుంచి ఓ వైరు తీసి గోడ ప్లగ్గులో గుచ్చేస్తే ఇల్లంతా వెలుగుతుంది కదా?" అన్నాడు కొడుకు.

"ఇల్లేం ఖర్మ, కరెంటు బయటి తీగల్లోకి పాకి, వీధిలో స్తంభం ఎక్కినవాడు కూడా వెలుగుతాడు!" అంటూ మామగారు లావుపాటి వైరు తెచ్చి, ఎక్కడా తెగలేదని చేత్తో తడిమి చూసుకుని, తిన్నగా ఫ్రిజ్‌కే తగిలించారు. తాడు లాగారు. జనరేటరు దగ్గి, తుమ్మి, అందుకుంది. ఫ్రిజ్‌లో లైటు వెలిగింది. దాని పక్కనే తగిలించిన టేబుల్ ఫ్యాను కూడా తిరిగింది.

"ఇస్త్రీపెట్టె కూడా పెట్టుకోనా మామయ్యా?" అంది కోడలు.

"దాని జోలికి వెళ్ళకమ్మా. ఇది మోయగలిగినంతే మోయాలి."

కాసేపటికి జనరేటరు ఆగిపోయింది. ట్యాంకులో అడుగునే ఉందట పెట్రోలు. కొడుకు డబ్బా అందుకోబోతే మామగారు చెయ్యి అడ్డుపెట్టారు. "చల్లారనీ."

"ఎందుకండీ అంత చాదస్తం! నేనైతే నడుస్తుండగానే పోసేస్తాను. ఓసారి భగ్గుమంది గానీ..." అన్నాడు మైక్‌సెట్.

మామగారు అతని మొహంలోకి వంగి చూశారు. "అందుకేనా నీకు ఎడమ కనుబొమ లేదు?"

మైక్‌సెట్ అక్కడ చెయ్యి పెట్టుకుని తడుముకున్నాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు ఇవ్వనయ్యా. నీ కుడి కనుబొమ పాపం నాకెందుకు?"

"మీరన్నదీ నిజమే. మనకే ఉండనివ్వండి నాన్నా" అన్నాడు కొడుకు, లోపలికి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి, చల్లదనం పోలేదని చూసి వస్తూ.

మైక్‌సెట్ ఉత్త చేతులతో వెళ్ళాడు. చల్లారాక పెట్రోలు పోసి మళ్ళీ తాడు లాగి, మామగారు భోజనానికి కూర్చున్నారు. మారు వడ్డించుకున్నారు. తింటూనే పాత స్నేహితుడికి ఫోను చేసి, "అదే లేకపోతే ఇవాళ మా ఇంటి పని గోవిందా!" అని గట్టిగా చెబుతున్నారు.

గిన్నెలు తీసుకుని కోడలు వంటింట్లోకి వచ్చింది. "ఎంతసేపైందో! ఇంతకీ కరెంటు ఎప్పుడొస్తుందంటారు అత్తయ్యా?"

అత్తగారు హాల్లోకి ఓసారి తొంగిచూసి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"పోతే కదే, రావడానికి!"