అక్కకు తెచ్చిన చీర

ఒక్క తన్నుకు పచ్చిపులుసు గంగాళం రోడ్డు మీద బోర్లాపడింది.

తన్నినవాడికి నలభై ఏళ్లుంటాయి. కాళ్లకు బూట్లు, భుజాన సంచి, చెమటకు తడిసిన చొక్కా. అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

సిద్దిపేటలో ఆ రోజు వంటావార్పు. ఇంట్లో పొయ్యి ముట్టించకుండా జనమంతా కరీంనగర్ రోడ్డు మీదికొచ్చి, తెలంగాణ ఇయ్యాలని నడిరోడ్డులోనే వండుకుంటున్నారు. రెండు దిక్కులా చెట్లు నరికి అడ్డం వేశారు. చీమ కూడా దాటకుండా ఆ ఏర్పాటు చేయించింది లింగమూర్తి. బట్టల దుకాణం ఆయనది. దీక్షా శిబిరానికి పెద్ద కూడా ఆయనే.

ఆ రోజు ఆయన కాలు నేలమీద ఆనడం లేదు. భారతమ్మ వస్తోంది మరి.

భారతమ్మ పత్రికలకు రాస్తుంది. ఎక్కడా ఉద్యోగం లేదు. ఊరూరా తిరిగి ఎండిన చెరువుల గురించి, విషమైన వాగుల గురించి, ఆ నీళ్లు తాగి మంచానపడ్డ కూలీల గురించి రాసి పంపుతుంది. అచ్చయితే అయింది, లేకపోతే లేదు. అచ్చయిన ప్రతిదీ లింగమూర్తి పొద్దున్నే శిబిరంలో గట్టిగా చదివేవాడు. "వాగులు సచ్చినంక రాష్ట్రమొస్తే, బిందె పట్టుకొని ఏడికి పోవాలె" అని ధూళిమిట్టలో ఓ ముసలామె అడిగిందట. ఆ మాట దగ్గరికి రాగానే ఆయన ఆగి, మళ్లీ చదివేవాడు.

భారతమ్మను శిబిరంలో ఎవరూ చూడలేదు. పత్రికాఫీసుకు ఫోన్ చేస్తే, మధ్యాహ్నానికల్లా వస్తారన్నారు. లింగమూర్తి కుర్చీ వేయించాడు. దుకాణంలోంచి గొల్లభామ బొమ్మల అంచున్న మంచి నేతచీర ఏరి తెచ్చి పళ్లెంలో పెట్టాడు.

అక్క రాలేదు. ఈ బూట్లాయన వచ్చాడు.

అప్పుడే మొదటి బంతి మొదలైంది. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. లింగమూర్తి కూతురు సాయిప్రియ విస్తట్లో అన్నం పడింది. వడ్డనకు నిలబడ్డ ఉప్పలయ్య పులుసు పోయడానికి గంగాళంలో గరిటె ముంచాడు.

"ఆగండి, ఆ పులుసు పోయొద్దు" అంటూ అడ్డం వేసిన చెట్లు దూకి పరుగెత్తుకొచ్చాడతను. డప్పుల మోతలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. గరిటె పైకి లేచింది.

అప్పుడు తన్నాడు.

"అన్నం కాడ బూటుకాలు పెడ్తవా?" ఉప్పలయ్య గరిటెతోనే ముఖం మీద కొట్టాడు. పెదవి చీలి నెత్తురు కారింది.

"ట్యాంకరు... ఆ ట్యాంకరు నీళ్లు..."

"భాష చూసిన్రా, మనోడు గాదు. మన వంట ఖరాబు చెయ్యనీకె పంపిన్రు" అన్నారెవరో.

ఆ మాట చాలు. మంచిపనికి తలా ఓ చెయ్యి వేయమంటే వెనకాముందాడే జనం, ఇలాంటి పనికి పిలవకుండానే వస్తారు. కొందరు పట్టుకున్నారు, కొందరు తన్నారు. లింగమూర్తి పొయ్యిలోంచి కట్టె లాగి, అడ్డం పెట్టిన కుడిచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆయనకు వినబడింది. అయినా ఆగలేదు.

"భారతమ్మ..." అన్నాడు కిందపడ్డవాడు. "నేను... భారతమ్మ..."

"అక్క పేరు నీ నోట్లకెందుకొచ్చింది రా. అక్కను కొట్టనీకె వచ్చినవా?"

ఈసారి కట్టె తలమీద పడింది. అతను ఇక మాట్లాడలేదు.

కాసేపటికి డప్పులు ఆగాయి.

ఒలికిన పులుసును నాకిన కుక్కలు నాలుగడుగులు వేసి, కాళ్లు కొట్టుకుంటూ పడిపోయాయి. నోట్లోంచి నురుగు వచ్చింది. అందరి చూపూ ట్యాంకరు మీదికి పోయింది. ఉద్యమానికి నా వంతు అంటూ ఓ మందుల కంపెనీ సేటు పొద్దున్నే, చెట్లు అడ్డం వేయకముందే పంపిన ట్యాంకరు అది. డ్రైవరు ఎప్పుడో జారుకున్నాడు.

అన్నం బోరు నీళ్లతో వండారు. పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు కదా. ట్యాంకరు నీళ్లు పట్టి, చింతపండు పిసికి, కాల్చిన మిరపకాయలు నలిపి కలిపారు. ఆ పులుపులో, ఆ కారంలో వాసన తెలియలేదు.

లింగమూర్తి కూతురి విస్తట్లోకి చూశాడు. తెల్లటి అన్నం. పులుసు చుక్క కూడా పడలేదు.

"దవాఖానకు తీస్కపోదాం, పట్టున్రి" అన్నాడు.

దెబ్బలు తిన్నవాణ్ని ఆటోలో ఎక్కించారు. ఆటో కొంచెం దూరం పోయి చెట్ల దగ్గర ఆగిపోయింది. తాము నరికి వేసిన చెట్లే. ఈడ్చారు, తోశారు, గొడ్డళ్లు తెప్పించి కొట్టారు. దారి పడేలోపే లింగమూర్తి ఒళ్లో ఉన్న మనిషి ఊపిరి ఆగిపోయింది.

చెట్ల అవతలి నుంచి ఓ ముసలామె దాటి వచ్చింది. ధూళిమిట్ట వజీరాబీ. బస్సులు లేక చాలా దూరం నడిచి వచ్చిందట. ఆటోలోకి చూసి కూలబడిపోయింది.

"యా అల్లా, మా హరికిషన్ గదా. గా ట్యాంకరే మా వాగుల మందుల కంపెనీ ఇసపు నీళ్లు పోసేది. నా బర్లన్ని సచ్చినయి. గీ కొడుకు మా ఇంట్ల ఉండి, దాని ఎనుక పడి చూసిండు. ఎవలు కొట్టిన్రు?"

వజీరాబీ అందరి ముఖాలూ చూసి, కొంగుతో అతని పెదవి మీది నెత్తురు తుడిచింది.

"మీద ఏమన్న కప్పున్రి. ఎండ గొడ్తుంది."

ఉప్పలయ్య పరుగెత్తి, చేతికి దొరికింది తెచ్చాడు. పళ్లెంలోని చీర.

"గది భారతమ్మక్కకు తెచ్చింది" అన్నాడు లింగమూర్తి, ఏడుస్తూ.

వజీరాబీ చీర అందుకొని మడత విప్పింది. విరిగిన కుడిచేతిని గుండెల మీదికి చేర్చి, పాదాల దాకా కప్పింది.

"భారతమ్మ గీయన తల్లి, బిడ్డా. ఆమె సచ్చిపోయినంక, ఆమె పేరు పెట్టుకొని రాసేది గీయననే."