తలపైన జాగా

ఊర్మిళ బ్యాగులో చీర పెడుతుంటే హరికిషన్ తీస్తున్నాడు. మళ్లీ పెడితే మళ్లీ తీస్తున్నాడు.

"ఈ టైంల నీకు ఇది అవసరమా?" అన్నాడు చివరికి.

"ఇప్పుడు గాకుంటే ఇంకెప్పుడు?" అంది ఊర్మిళ, మొగుడి చేతిలోంచి చీర లాక్కుంటూ.

ఇద్దరిదీ ఒకటే ఫొటో స్టూడియో, సికింద్రాబాద్ కార్ఖానాలో ఓ సందు మొదట్లో. పెళ్లిళ్లకు అతను పోతాడు. స్టూడియోలో కూర్చునేది ఆమె. పాస్‌పోర్టు ఫొటోలు, బడిపిల్లల ఫొటోలు, ఫ్రేములు కట్టడం. ఇరవై ఏళ్లుగా అదే గది, అవే రెండు గొడుగు లైట్లు, వెనక అదే పరదా. పరదా మీద సముద్రం. అసలు సముద్రాన్ని ఊర్మిళ ఎన్నడూ చూసింది లేదు.

ఆమె కడుపుమంట ఒక్కటే. జనం బతికినన్నాళ్లూ ఒక మంచి ఫొటో దిగరు. తీరా అవసరం పడ్డాక ఆధార్ కార్డు పట్టుకొచ్చి, ఇదే పెద్దగా చేసివ్వమంటారు. గుడ్లురుముతున్న ఆ మొహాన్ని ఎంత దిద్దితే మాత్రం ఏం లాభం? ప్రాణమున్న ఫొటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తన చేత్తో తీయాలి. అదీ ఆమె పంతం. సైనిక్‌పురిలో ఉండే విశ్వతేజ అనే ఫొటోగ్రాఫరు ధనుష్కోటిలో వారం రోజుల వర్క్‌షాప్ పెడుతున్నాడని తెలియగానే, ఎవరినీ అడగకుండా పేరు ఇచ్చేసింది.

అత్త శ్యామలమ్మ మధ్యలో దూరింది. వచ్చే ఏడాది అందరం కలిసే పోదామనీ, రామేశ్వరం దర్శనం కూడా అవుతుందనీ నచ్చజెప్పబోయింది.

"వచ్చే ఏడాది ముచ్చట నాకు చెప్పకు అత్తమ్మా."

శ్యామలమ్మ వంటింట్లోకి పోయింది. ఇరుగుపొరుగువాళ్లు మాత్రం ఊరుకోలేదు. యాభై దగ్గరపడ్డాక ఈ కొత్త చదువులేమిటి, ఆడది ఒక్కతే అంత దూరమేమిటి అని హరికిషన్‌కు వత్తాసు పలికారు. పలికితే పలికారు. ఊర్మిళతో వాదించి గెలిచిన మొనగాడు కార్ఖానాలో ఇంకా పుట్టలేదు.

సికింద్రాబాద్ స్టేషన్లో హరికిషన్ మొహం గంటుపెట్టుకుని నిలబడ్డాడు. రైలు కదిలేటప్పుడు నీళ్ల సీసా మాత్రం కిటికీలోంచి అందించాడు.

సముద్రం చూసిన మొదటి పూటే ఊర్మిళకు ఆ పరదా గీసినవాడి మీద ఒళ్లు మండింది. అంతా ఒకటే నీలం పులిమిపోయాడు, దరిద్రుడు. ఇక్కడ ఘడియకో రంగు.

విశ్వతేజది ఆమెకు కొడుకయ్యేంత వయసు. అయితేనేం, గట్టివాడు. రాగానే ఆమె ఫ్లాష్ తీసుకుని పెట్టెలో పడేశాడు. వెలుగు వచ్చేదాకా కూర్చోమన్నాడు. ఫొటో తీసేముందు మనిషితో మాట్లాడమన్నాడు. ఇన్నేళ్లుగా "గడ్డం దించండి, కదలకండి, నవ్వకండి" తప్ప మరో మాట ఎరగని ఊర్మిళ, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల పక్కన ఇసుకలో చతికిలబడి, భాష రాకపోయినా సైగలతోనే ముచ్చట్లు పెట్టింది. వాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు సగంలో ఉండగా క్లిక్కుమనిపించింది. సాయంత్రం అందరి ముందూ ఆ ఫొటో చూపిస్తే, అది తను తీసిందేనా అని తనకే అనుమానమొచ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

మిగతావాళ్లు కెమెరాలతో ఇసుకదిబ్బల మీద పరుగులు పెడుతుంటే, ఆమె కూర్చున్నచోటే కూర్చుని తీసేది. ఒక్క పూట కూడా మానలేదు. పొద్దునా సాయంత్రం హరికిషన్ ఫోన్. తిన్నవా, పండుకున్నవా, ఎండలో గిట్ల తిరుగుతున్నవా అని. ఇక్కడిదాకా వచ్చినా పెత్తనమేనా అని విసుక్కుని పెట్టేసేది.

చివరి రోజు తలా ఒక ఫొటో ఇవ్వాలి. అందరూ జాలర్లను, సాధువులను తీసుకొచ్చారు. ఊర్మిళ కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, టైమరు పెట్టి, తనను తానే తీసుకుంది. వెనక అసలు సముద్రం. తలకు కట్టిన ఎర్ర స్కార్ఫ్ అంచు గాలికి లేచింది. ఎత్తుపళ్లన్నీ కనబడేలా నోరారా నవ్వుతోంది.

విశ్వతేజ దాన్ని చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది మేడమ్. కానీ తలపైన, పక్కల ఇంత ఖాళీ ఎందుకు? కొంచెం కట్ చేస్తే మొహం దగ్గరికొస్తుంది."

"కట్ చెయ్యను సార్."

"ఇన్ని రోజులూ చెప్పినవన్నీ విన్నారు కదా?"

"అన్నీ విన్న. ఈ ఒక్కటి వినను. జాగా ఎంత ఇడవాల్నో నాకెరుక."

ఎంతైనా స్టూడియో అలవాటు పోదని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పట్టు మాత్రం వదల్లేదు.

కార్ఖానాకు వచ్చాక ఆ ఫొటోను పెద్దగా ప్రింటు తీసి, ఫ్రేము తనే కట్టింది. హరికిషన్ దాని ముందు కూలబడ్డాడు. కోపమంతా ఎటు పోయిందో. దీన్ని స్టూడియో ముందు అద్దాలలో పెడదామనీ, ఊరంతా చూడాలనీ అన్నాడు. ఊర్మిళ ఒప్పుకోలేదు. పాత చీరలో చుట్టి బీరువా మీద పెట్టించింది.

"జెర ఆగు. తొందరేమున్నది?" అంది.

ఆ ఏడు కార్తీకమాసం రాకముందే హరికిషన్ దాన్ని కిందికి దించి, హాల్లో గోడకు తగిలించి, బంతిపూల దండ వేశాడు. ఊర్మిళ వదిలిన జాగాలో దండ సరిగ్గా ఒదిగి, ఆ నవ్వుకు ఎక్కడా అడ్డం రాలేదు.