తెల్ల తివాచీ, ఎర్ర దుమ్ము

తలుపు తోసుకొచ్చిన ముసలామె చెప్పులతో పాటు ఆస్ట్రేలియా తీరంలోని బ్రూమ్ ఊరి వీధుల ఎర్ర దుమ్ము ముత్యాల షాపు తెల్ల తివాచీ ఎక్కింది.

షాపులో అమ్మకాలు చూసే బ్రిడీ ఆ మరకల వంక చూసింది. సరిగ్గా ఈ రోజే రావాలా?

పెర్త్ హెడ్డాఫీసు ఈ వారం ఒక మనిషిని మామూలు ఖాతాదారులా పంపి పరీక్షిస్తుందని మేనేజరు గ్లెనిస్ చెప్పింది. పోయినసారి ఆ పరీక్షలో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. బ్రిడీ ప్రొబేషన్ శుక్రవారంతో ముగుస్తుంది.

హెడ్డాఫీసు పంపిన మనిషి ఎవరో బ్రిడీ, గ్లెనిస్ కనిపెట్టేశారు. అద్దాల బల్ల ముందు కూర్చున్న పట్టు చొక్కా ఆవిడ. దండ చూసిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

"ఆ మూడు దండలూ పక్కపక్కన పెట్టండి. పోల్చుకుంటాను," అందావిడ.

ఒక దండ తూచి లోపల పెట్టాకే ఇంకొకటి తీయాలి. అది షాపు నియమం. బ్రిడీ గ్లెనిస్ వంక చూసింది.

"పెట్టవే," అంది గ్లెనిస్ గొంతు తగ్గించి. "ఆవిడ మొహం మాడిందంటే మన పని అయిపోయినట్టే."

భయంతో చేసే వ్యాపారంలో ముందు పోయేది తూకం. బ్రిడీ మూడూ పెట్టింది.

"నేనూ కాస్త చూడొచ్చా అమ్మాయ్?" అంది ముసలామె.

"ఇప్పుడు కుదరదు ఆంటీ. కాసేపు బయట కూర్చోండి."

"బయట నలభై డిగ్రీలు. ఒకవైపు వేగాక వచ్చి తిప్పేస్తావా?"

బ్రిడీకి నవ్వొచ్చింది. గ్లెనిస్‌ను చూసి మింగేసింది.

పట్టు చొక్కా ఆవిడ లేచింది. "ఆలోచించుకుని వస్తాను."

ముసలామె బల్ల మీదికి వంగి, కళ్లు మూసుకుని, మధ్య దండ మీద బొటనవేలు నడిపింది. వేలు ఆగిపోయింది.

"అమ్మాయ్, ఆవిణ్ణి ఆపు. ముత్యాల మధ్య ముడులు తప్పు."

"చెయ్యి తీయండి," అంది గ్లెనిస్. "అది నలభై వేల డాలర్ల దండ."

"ఇది అది కాదు. అందుకే చెబుతున్నా."

గ్లెనిస్ వినలేదు. తలుపు దాకా వెళ్లి పట్టు చొక్కా ఆవిడను సాగనంపింది. "క్షమించండి మేడమ్. ఇలాంటివాళ్లు ఇక్కడికి రారు."

బ్రిడీ ముసలామె మోచెయ్యి పట్టి బయటికి నడిపించింది.

"నాకు ఈ ఉద్యోగం కావాలి ఆంటీ."

"తెలుస్తోందమ్మా. మోచెయ్యి అంత గట్టిగా పట్టుకున్నావు."

తిరిగొచ్చి బ్రిడీ దండలు తూచింది. మధ్యది నాలుగు గ్రాములు తక్కువ. మళ్లీ తూచింది. నాలుగే. పట్టు చొక్కా ఆవిడ దండ మార్చేసింది.

వీధిలోకి పరుగెత్తింది. పట్టు చొక్కా లేదు, ముసలామె లేదు.

గ్లెనిస్ తానూ ఒకసారి తూచి చూసింది. దండలు తయారయ్యే వెనక వీధి గదికి, అక్కడి పని చూసే కెల్విన్‌కు ఫోన్ చేసింది.

"ఇది మన దండ కాదని పోలీసుల ముందు ఎవరు చెప్పగలరు?"

"ముట్టుకుని చెప్పగలిగేది డల్సీ ఆంటీ ఒక్కతే," అన్నాడు కెల్విన్. "ముప్పై ఏళ్లుగా మీ షాపులో ప్రతి దండకూ ముడులు వేసింది ఆమే. చూపు పోతోందని ఇవాళే పని మానేసింది. తను గుచ్చినవి అద్దాల వెనక ఎలా ఉంటాయో ఒక్కసారి చూసుకుంటానంటే, ఇందాక నేనే మీ దగ్గరికి పంపాను."