వెనక చూసే మనిషి

“ఈ రెండు డ్రమ్ముల నడుమ ఒక్కసారి మంచిగ ఎనకకు తియ్యి నర్సింగ్. తీసినవంటే రేపటి సంది ఈ బస్సుకు హెల్పర్ అక్కర్లేదు,” అన్నాడు సూపర్‌వైజర్ గంగాప్రసాద్.

నర్సింగ్ చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి. నిన్ననే బిగించిన కెమెరా తెరలో వెనక అంతా అద్దంలా కనిపిస్తోంది. పరాయి దేశంలో కూలికొచ్చినవాళ్లుండే అల్ హైల్ క్యాంపు ఆవరణ, డ్రమ్ములు, పక్కన బస్సుకు చెయ్యానించి నిలబడ్డ హెల్పర్ దేవయ్య.

“మరి దేవయ్య కాకనేం జేస్తరు సార్?”

“ఏం జేస్తం? వీసా మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపుడే. ఆయనకు లేని బాధ నీకెందుకు?”

ఆరేళ్లుగా నర్సింగ్‌కు వెనక చూపంటే దేవయ్యే. బస్సు మీద ఒక చరుపు చరిస్తే రావచ్చు, రెండు చరిస్తే ఆగాలి. కార్ల పందేలంటే ప్రాణమిచ్చే నర్సింగ్, రూమ్‌లో ఉల్లిగడ్డలు కోస్తూ ఆయనకు ఏవేవో కథలు చెప్తుంటాడు. రెండు వారాల కిందట ఓ పాతకాలపు అమెరికా డ్రైవర్ కథ చెప్పాడు. ఆ రోజుల్లో పందెం కారులో డ్రైవర్ పక్కన ఓ మెకానిక్ కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చెప్పేవాడట. ఈ డ్రైవర్ ఆ మనిషి లేకుండా ఓ అద్దం బిగించుకుని, ఐదువందల మైళ్ల పందెం గెలిచి, ఆ గెలుపుతోనే పందేలు మానేశాడట.

“మరి ఆ మెకానిక్ ఏమైండు?” అనడిగాడు దేవయ్య.

“గది ఎవ్వలు రాయలే కాకా,” అన్నాడు నర్సింగ్.

ఇప్పుడా మాటే గుర్తొచ్చింది. నర్సింగ్ రివర్స్ గేరు వేశాడు.

ఠంగుమని ఓ డ్రమ్ము పడింది. రెండోసారి రెండోది పడింది. మూడోసారి రెండూ దొర్లాయి. లైసెన్సుకు డ్రమ్ముల పరీక్ష తొలిసారే పాసైన మొనగాడు, ఇవాళ వాటితో బంతాట ఆడేశాడు.

“ఏం పడ్డదిరా?” అని బయటినుంచి దేవయ్య కేకేశాడు.

గంగాప్రసాద్ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నర్సింగ్ దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నాడు.

“కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టయింది నీకు కెమెరా ఇచ్చుడు! ఉండనియ్, ముసలాయననే ఉండనియ్!” అని ఆయన విసురుగా ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

నర్సింగ్ ఒక్క దూకులో కిందికి దిగి దేవయ్య భుజాలు పట్టుకున్నాడు. సంతోషం పట్టలేకపోతున్నాడు.

“నువ్వేడికి పోతలేవు కాకా! కావాలనే కొట్టిన. ఆ అమెరికోని లెక్క నా మనిషిని దించి అద్దం పెట్టుకుంటనా?”

దేవయ్య నవ్వలేదు. చెయ్యి చాచి, తడుముకుని, నర్సింగ్ చెంప నిమిరాడు.

“ఆ కత ఇన్నంకనే బిడ్డా, కెమెరా పెట్టుమని నేనే సార్ కాళ్లు పట్టుకున్న. నాకు ఆ డ్రమ్ములు కనవడక నెల దాటింది.”