రెండు బైట్ల చోటు

"మళ్ళీ అంతా పోయింది!" పాత మైక్రోప్రాసెసర్ కిట్ మీద మీట నొక్కి చూసి అంది లెక్చరర్.

"నిన్న నేను సెలవు కదా మేడం, అయినా పోయిందా?" ల్యాబ్ టెక్నీషియన్ ఆశ్చర్యపోయాడు.

"పోయింది మరి," అందామె అతని వైపు చూడకుండా.

కరెంటు తీస్తే ఆ కిట్‌కి ఏదీ గుర్తుండదు. అందుకే సాయంత్రాలు ప్లగ్గు తీయకుండానే వదిలి వెళ్తారు, అయినా తెల్లారేసరికి ఖాళీయే. ప్రోగ్రామంతా మళ్ళీ ఒక్కో మీటా నొక్కి ఎక్కించాల్సిందే. అప్పటికే అటెండర్ తోపుడుబండి తెచ్చి గుమ్మంలో నిలిపాడు. కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాత కిట్లన్నీ ఈపూటే తుక్కుకి పోవాలి.

"దీన్ని ఆఖర్న తీసుకెళ్ళు బాబాయ్," బతిమాలాడు టెక్నీషియన్.

"ఆర్నెల్లుగా ఇదే పురాణం! ఈయన చదవడం, ఆవిడ నొక్కడం. సర్లే, టీ తాగొస్తా."

అతను ఆమె పక్కన కూర్చుని నోటుబుక్కు తెరిచాడు. ఈ కిట్ పోతే రేపట్నుంచి ఈ కుర్చీలో తనకి పని లేదు. ఒక్కో అంకెనీ, అక్షరాన్నీ ఆగి ఆగి చదివాడు.

"మూడు, ఈ... సున్నా, ఒకటి... డి, మూడు..."

"నత్త నయం. కాస్త తొందరగా!"

"తప్పు పోతే మళ్ళీ మొదటికొస్తాం మేడం."

అంతా ఎక్కాక, కిట్ మీద వరుసగా ఉన్న ఎనిమిది చిన్న దీపాల్లో వెలుగు ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తింది. అక్కడే ఆగిపోయింది.

"వెలుగుని తిరిగి రమ్మని చెప్పాలంటే మూడు బైట్లు కావాలి. మెమరీలో మిగిలింది ఒక్కటే," అందామె నీరసంగా. "ఒక్కసారి తిరిగొస్తే చూడాలని నా ఆశ."

అతను కాసేపు తటపటాయించాడు. తర్వాత నోటుబుక్కులో చివరి వరుస మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ సున్నా పెట్టమంటున్నాం. పైన లెక్క తగ్గీ తగ్గీ అప్పటికే సున్నా అయింది. ఉన్న సున్నాకి మళ్ళీ సున్నా దేనికి?"

"అమ్మో! రెండు బైట్లు కలిసొచ్చాయి!"

గబగబా నొక్కింది. వెలుగు ఆ చివరికి వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"అయిందా పురాణం?" అటెండర్ వచ్చి ప్లగ్గు పీకాడు. బండి చక్రాల కిర్రు వరండాలో దూరమైంది.

ఖాళీ బల్ల మీద కిట్ ఉన్నంతమేర దుమ్ము లేదు. అతను దానికేసి చూస్తూ అన్నాడు.

"ఆ రెండు బైట్లూ మొదటి వారమే కనిపించాయి మేడం. చెబితే పని అయిపోతుందని చెప్పలేదు. రోజూ మీరు ఇంటికెళ్ళాక ప్లగ్గు పీకిందీ నేనే."

ఆమె నోటుబుక్కు మూసి గుండెలకి ఆనించుకుంది.

"మీరు సెలవు పెట్టిన రోజుల్లో ఎవరు పీకారనుకున్నారు?"