తెల్లమూత సీసా

"ఏమయ్యా, రేపు పొద్దున మొదటిదే పట్టాలంట. ఆ నర్సమ్మ మరీమరీ చెప్పింది," అంటూ రంగనాయకమ్మ తెల్లమూత సీసాను మగ్గం పక్కన పెట్టింది. సీసా మీద ఆంజనప్ప పేరు రాసి ఉంది.

నేత పింఛను తీసుకునేవాళ్ళకు ఈ నెల నుంచి మత్తు పరీక్ష. మూత్రంలో మత్తు కనబడితే పింఛను ఆగిపోతుంది. ధర్మవరంలో ఆ వీధంతా ఇదే మాట.

"ఇచ్చేటోళ్ళు తాగొచ్చు, తీసుకునేటోళ్ళు తాగగూడదా?" ఎదురింటి హనుమంతమ్మ అరుగు మీద నుంచే అడిగింది. "మా ఇంటాయనకు పరీక్ష యాల? వీధి మలుపు కాడికే వాసనొస్తాది."

ఆంజనప్ప నవ్వాడు. "నాకేం బయ్యం? బీడీ గూడా ఇడిసిపెడితి." భార్య చేతికి పాల గ్లాసు ఇచ్చాడు. "ముందు ఇది తాగు, చల్లారిపోతాండాది."

రంగనాయకమ్మ నవ్వలేదు.

చూపు మందగించి ఆయన నేత మానేసినా, మగ్గం గుంట ఊడవడం ఆమె మానలేదు. మొన్న ఊడుస్తుంటే గుంట గోడలోని గూట్లో ఒక పొట్లం తగిలింది. విప్పితే నల్లటి ముద్ద. వాసనకు అత్త గుర్తొచ్చింది. చంటిబిడ్డ ఏడిస్తే నేత ఆగిపోతుందని, అత్త చీమ తలంత నల్లమందు పాలలో కలిపి పట్టేది. ఆంజనప్ప అలా పెరిగినవాడే. ముసలితనంలో మళ్ళీ దానికే మరిగాడనుకుంది. ఇంటికి ఆధారం ఆ పింఛనొక్కటే.

అయినా అడగలేదు. అడిగితే కోపంతో ఎటైనా వెళ్ళిపోతాడేమోనని భయం.

ఇంట్లోంచి ఒక మనిషి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కూతురు కల్పన నీళ్ళు పట్టుకొస్తానని హిందూపురం స్టేషన్లో రైలు దిగింది. రైలు కదిలింది. కల్పన ఎక్కలేదు. వీళ్ళు పెనుకొండలో దిగి వెనక్కు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, రైలు కూత వినబడితే చాలు, రంగనాయకమ్మ నిద్రలోనే లేచి స్టేషన్ దారి పట్టేది. ఒకసారి పట్టాల మీద నుంచి లాక్కొచ్చారు. ఈమధ్యే అది తగ్గింది. పడుకుంటే తెల్లారిపోతోంది. కల్పన కలలోకి కూడా రావడం లేదు. బిడ్డను మరిచిపోతున్నానేమోనని పగలు ఏడ్చుకుంటోంది.

పొద్దున ఆంజనప్ప సీసా నింపి దొడ్డి మెట్టు మీద పెట్టి, స్నానానికి పోయాడు. దాన్ని వార్డు ఆఫీసులో ఇచ్చి వచ్చింది రంగనాయకమ్మే.

కొన్నాళ్ళకు నర్సు మాధవీలత ఇంటికి వచ్చింది.

"తాతా, నల్లమందు బయటపడింది. పింఛను ఆపేసినారు. ఈ వయసులో నీకిదేం పని?"

ఆంజనప్ప ముఖం పాలిపోయింది. "నేను నోట్లో ఏసుకోలేదు తల్లీ. కల్పన మీద ఒట్టు."

"సీసా అబద్ధం చెప్తాదా తాతా?"

రంగనాయకమ్మ గుంజ పట్టుకుని నిలబడిపోయింది. కల్పన పేరు మీద ఆయన అబద్ధపు ఒట్టు పెట్టడు.

సాయంత్రం ఎప్పటిలాగే ఆంజనప్ప పాలు కాచాడు. ఎప్పటిలాగే గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"పింఛను పోతే పోనీలే. నువ్వు యాడికీ పోకుండా ఉంటే చాలు. తాగి పండుకో."

దూరంగా రైలు కూసింది.

పరీక్ష రోజు పొద్దున ఆయన సీసాను సందు కాలువలో ఒంపేసి, తన మూత్రంతో నింపి ఇచ్చి వచ్చిన రంగనాయకమ్మ, ఆ పాల వైపే చూస్తూ ఉండిపోయింది.