గాడిలో పుల్ల

మామగారు మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే కోడలు పనిముట్ల పెట్టె ముందు చతికిలబడింది. చాకుతో సన్నగా చెక్కిన పుల్లను షట్టరు ఎడమ గాడిలోకి దూర్చింది. చెప్పు మడమతో ఒక్క దెబ్బ వేసింది. షట్టరు ఎత్తి చూసింది. జానెడు లేచి ఆగిపోయింది.

ఇక ఈ పూటకి ఫరవాలేదు.

నడుమెత్తు పెట్టె అది. దానికి రెక్క తలుపులుండవు. సన్నటి చెక్క పట్టీలను వరసగా గట్టి గుడ్డ మీద అంటించిన షట్టరు. పైకి తోస్తే చుట్టుకుంటూ లోపలికి పోతుంది, లాగితే దిగుతుంది. మామగారు తన పెళ్ళికి ముందే దాన్ని సొంతంగా తయారుచేసుకున్నాడు. నలభై ఏళ్ళు ఆయన వాడాడు, తర్వాత కొడుకు వాడాడు. కొడుకు పోయి అయిదు నెలలు. పరంజా మీంచి పడ్డాడు. అంతే, ఇంకేమీ లేదు చెప్పుకోవడానికి.

ఆ తర్వాత పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పక్కింటి దర్జీ భార్య పొద్దున గిన్నె తెచ్చి గడప దగ్గర పెట్టేది. సాయంత్రం అదే గిన్నెను అదే బరువుతో తీసుకెళ్ళేది. ఒకరోజు కాంపౌండరు వచ్చి నాడి చూశాడు.

“ఒంట్లో రోగమేమీ లేదమ్మా. మనిషి లేవాలి. లేవకపోతే ఈ ఇంట్లోంచి ఇంకో శవం లేస్తుంది,” అన్నాడు. చేతిలో మందు లేకపోయినా నోరు మాత్రం ధారాళం.

ఆ మర్నాడు పెద్దాయనకి ఏం కావాలనిపించిందో, ఏమో, లేచాడు. షట్టరు ఎత్తబోతే రాలేదు. “అమ్మాయ్! ఒకసారి ఇలా రా!” అని కేకేశాడు. అన్ని నెలల్లో ఆ ఇంట్లో వినబడ్డ మొదటి పెద్ద గొంతు. పక్క గదిలో మంచం మీంచి కోడలు లేచి వచ్చింది. టార్చి పట్టుకుంది. రెండు గంటలు కుస్తీ పట్టారు. ఆ పూట ఆయన ఇంత ముద్ద తిన్నాడు.

బాగైన షట్టరు చూసి మళ్ళీ గోడవైపు తిరుగుతాడేమోనని ఆమెకి భయం పట్టుకుంది. మర్నాడు ఆయనకన్నా ముందే లేచి గాడిలో అగ్గిపుల్ల దూర్చింది. ఆ తర్వాత గుడ్డపేలిక. తర్వాత ఎండిన మైనం. ఇరవై రోజులుగా ఇదే వరస. అంత పనిమంతుడికీ అనుమానం రాలేదు. చూపు ఆనడం లేదేమో అనుకుంది. దానికి కూడా బాధ కలగలేదు. ఏ బాధా కలగడం మానేసి చాలా రోజులైంది.

“మళ్ళీ పట్టేసిందమ్మాయ్!” పెద్దాయన కేక.

“అవునా మామయ్యా?”

“ముసలి పెట్టె. దానికీ నాకూ ఒకటే బుద్ధి, లే అంటే లేవం. టార్చి ఇలా పట్టు. నా మొహం మీద కాదు తల్లీ, గాడి మీద. నా మొహంలో చూడ్డానికేముంది?”

పట్టింది.

“ఈ వెలుగు చాలదు. ఎండలోకి లాగుదాం, ఓ చెయ్యి వెయ్యి.”

ఇద్దరూ లాగారు. వాకిట్లో ఎండ ఆమె భుజాల మీద పడింది.

“నీ వెంట్రుకలు గాడిలో పడుతున్నాయి. జడ వేసుకు రా.”

వేసుకుని వచ్చింది.

“పట్టీలు లెక్కపెట్టు. నలభై మూడుండాలి.”

“నలభై రెండు.”

“పైకి చదువు. లోలోపల చదివితే ఒకటి మింగేస్తావు.”

పైకి చదివింది. నలభై మూడే వచ్చాయి. నిన్నా చదివింది, మొన్నా చదివింది. ఆయనకి గుర్తుండడం లేదు, పాపం.

టీ తెచ్చి ఇస్తే గ్లాసు పక్కన పెట్టేశాడు. “నీదేదీ? ఒక్కణ్ణే తాగితే నాకు చెయ్యి వణుకుతుంది.”

ఆమె కూడా తెచ్చుకుంది. తాగింది. తీపో చేదో తెలియలేదు.

“ఇక సబ్బు కావాలి. వీధి చివర కొట్లో బట్టల సబ్బు. గట్టిది చూసి తే. నూనె రాస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.”

“నిన్నటిది ఉందిగా మామయ్యా?”

“నిన్న తెచ్చావా? నాకు తెలీదే!”

చెప్పులు వేసుకుని బయల్దేరింది. మెడలో టేపు వేలాడేసుకుని దర్జీ ఎదురొచ్చాడు.

“మళ్ళీ పట్టేసిందా అమ్మా? నేను చూస్తా ఉండు. సూదిలో దారం ఎక్కించే కళ్ళు నావి!”

పుల్ల దొరికితే ఆటంతా అయిపోయినట్టే. ఆ తర్వాత పెద్దాయన దేనికి లేస్తాడు? వద్దనేలోపే దర్జీ వాకిట్లోకి వెళ్ళిపోయాడు. వెనక్కెళ్ళి ఆపితే మామయ్యకే అనుమానం. త్వరగా వచ్చేద్దామని ఆమె కొట్టువైపు పరుగులాంటి నడకతో సాగింది.

దర్జీ పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. గుండుసూదితో గాడిలో రెండుసార్లు కెలికాడు. పుల్ల బయటికొచ్చింది.

“ఒరే వడ్రంగీ, ఇది దానంతటది పడిందిట్రా? చాకుతో చెక్కిన పుల్ల! నీ కోడలు నిన్ను వెర్రివాణ్ణి చేసి ఆడిస్తోంది. నలభై ఏళ్ళు చెక్కతో బతికినవాడివి, ఈమాత్రం కనిపెట్టలేవూ?”

పెద్దాయన అతని చేతిలోంచి పుల్ల తీసుకున్నాడు. వీధివైపు ఒకసారి చూశాడు. దాన్ని మళ్ళీ గాడిలోనే పెట్టి బొటనవేలితో లోపలికి నొక్కాడు.

“మెల్లగా మాట్లాడరా, మొదటిరోజు ఈ షట్టరుని ఇరికించింది నేనే, ఆ పిల్ల మంచం దిగుతుందేమోనని.”